కదిలే ఇల్లు, కదలని నేల: జహీరాబాద్ వైపు సెలవు ఇంటి లెక్క

నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఊరి బయట ఒక విడిది ఉండాలన్న కోరిక పాతదే అయినా, గత కొన్నేళ్లలో ఆ కోరిక కొత్త రూపం తీసుకుంది. నగరం నుంచి రెండు మూడు గంటల్లో చేరుకోగల దూరంలో కొన్ని గుంటల పొలం కొని, అందులో ఇటుక, సిమెంటు పనులతో నెలల తరబడి అవస్థ పడకుండా, ఫ్యాక్టరీలో తయారైన ఉక్కు ఇంటిని లారీపై తెప్పించి క్రేనుతో దింపించుకునే పద్ధతి ఇప్పుడు తెలంగాణలో తరచుగా కనిపిస్తున్నది. వాడుకలో దీన్ని కంటైనర్ ఇల్లు అనీ, పోర్టబుల్ క్యాబిన్ అనీ అంటున్నారు. కట్టడానికి సమయం పట్టదు, నచ్చకపోతే వేరొక చోటికి తరలించవచ్చు, నేలకు అంటిపెట్టుకోని ఇల్లు కనుక అనుమతుల బెడద లేదు అన్న మూడు మాటలపై ఈ వ్యాపారం చాలావరకు నడుస్తున్నది. వీటిలో మొదటిది చాలావరకు నిజం, రెండవది ఖర్చుకు సిద్ధపడినవారికి మాత్రమే నిజం, మూడవదానిని ఎవరూ నమ్మకపోవడం మేలు.

జహీరాబాదు, దానికి సమీపంలో కర్ణాటక సరిహద్దు వరకు వ్యాపించిన మొగుడంపల్లి మండలం ఈ కోరికకు అన్ని విధాలా అనువుగా కనిపించే ప్రాంతాలు. హైదరాబాదు నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, పుణె నుంచి మచిలీపట్నం వరకు సాగే 65వ జాతీయ రహదారిపై జహీరాబాదు ఉన్నది. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు పాత మెదక్ జిల్లాలోని ఈ ప్రాంతం సంగారెడ్డి జిల్లాలోకి రాగా, అప్పుడే మొగుడంపల్లి కొత్త మండల కేంద్రమైంది. బీదరు పీఠభూమికి చెందిన ఎర్ర చెల్క నేలలు, చెరకు, అల్లం, ఆలుగడ్డ పండే పొలాలు, వాటి మధ్య లంబాడా తండాలు, గొట్టంగుట్ట అడవి, సరిహద్దు దాటితే చంద్రంపల్లి జలాశయం, చించోలి అభయారణ్యం, మరికొంత దూరంలో బీదరు కోట: రెండు రోజుల సెలవు గడపదలచినవారికి ఇంతకంటే కావలసింది పెద్దగా ఉండదు. పక్కనే ఉన్న కోహీరులో చలికాలపు రాత్రి ఉష్ణోగ్రతలు తెలంగాణలోని అతి తక్కువ నమోదుల సరసన తరచుగా చేరుతుంటాయి కనుక, నగరపు ఉక్కపోతకు విసిగినవారికి ఆ చలి కూడా ఒక ఆకర్షణే.

ఇంకొక ఆకర్షణ వాతావరణానికి సంబంధించింది కాదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల పరిధిలో తలపెట్టిన జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి, అంటే ప్రభుత్వం భూమిని సేకరించి, రోడ్లు, నీరు, విద్యుత్తు సమకూర్చి పరిశ్రమలకు ఇచ్చే విశాల ప్రాంతం, చాలా ఏళ్లుగా ఇక్కడి భూమి ధరల గురించిన ఆశలకు ఆధారంగా ఉన్నది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాలలో జహీరాబాదు కూడా ఉండటంతో ఆ ఆశలకు మరింత ఊపు వచ్చింది. ఫలితంగా సెలవు ఇల్లు కొనే వ్యక్తి మనసులో విశ్రాంతి, లాభం అనే రెండు ఉద్దేశాలు కలిసిపోతాయి. అమ్మేవారు కూడా ఆ రెండింటినీ విడదీయకుండా ఒకే ధరలో చూపిస్తారు. కానీ ఉక్కు ఇల్లు ఏటేటా విలువ కోల్పోయే వస్తువు. నేల విలువ పెరగవచ్చు, పెరగకపోవచ్చు, పత్రం సరిగా లేకపోతే మొత్తంగా పోవచ్చు. ఈ రెండింటినీ వేరువేరుగా లెక్క వేయగలిగినప్పుడే కొనాలా వద్దా అన్న ప్రశ్నకు అర్థవంతమైన జవాబు దొరుకుతుంది.

ఇంటికి, నేలకు మధ్య ఉన్న ఈ తేడా అత్యంత స్పష్టంగా కనిపించేది బ్రిటనులో. అక్కడ సముద్రతీరాలలో, సరస్సుల పక్కన ఉండే హాలిడే పార్కులలో స్టాటిక్ కారవాన్ అనే కదిలించదగిన ఇళ్లను లక్షలు పోసి కొనడం ఎన్నో దశాబ్దాల ఆచారం, అక్కడ స్థిరపడిన తెలుగువారికి కూడా కళ్లెదుట కనిపించే ఆచారం. 1960 నాటి కారవాన్ స్థలాల చట్టం ఈ పార్కులకు లైసెన్సును తప్పనిసరి చేసింది. 1968 నాటి మరొక చట్టం కారవాన్ అంటే ఏమిటో కొలతలతో నిర్ణయించింది. 2006లో ఇంగ్లండులో సవరించిన కొలతల ప్రకారం అది 20 మీటర్ల పొడవు, 6.8 మీటర్ల వెడల్పు మించకూడదు. అంత పెద్ద ఇంటిని కారు వెనుక కట్టి లాగడం కుదరదన్నది వేరే చెప్పనక్కర్లేదు. కొనుగోలుదారుడికి దక్కేది ఆ పెట్టె మాత్రమే. దాని కింది నేల పార్కు యజమానిదే. ఆ నేలను వాడుకున్నందుకు ఏటా స్థలం రుసుము కట్టాలి, అది ఏటేటా పెరగవచ్చు. ఒప్పందానికి కాలపరిమితి ఉంటుంది. ఇల్లు పాతబడిందని చెప్పి దాన్ని తీసివేయించే హక్కు పార్కుకు ఉండవచ్చు. ఇతరులకు అమ్మదలిస్తే ఆ ధరలో కమిషను పార్కుకు పోవచ్చు. శాశ్వత నివాసంగా వాడే పార్కు ఇళ్లలో ఉండేవారికి 1983 నాటి చట్టం ఇచ్చే రక్షణ, సెలవు ఇళ్లకే పరిమితమైన పార్కులలోని యజమానులకు వర్తించదు. అందుకే అక్కడ కొనుగోలుకు ముందు జాగ్రత్తపరులు చదివేది ఇంటి బొమ్మలున్న పుస్తకాన్ని కాదు, పార్కు లైసెన్సు ఒప్పందాన్ని.

తెలంగాణలో పరిస్థితి తలకిందులు. ఇక్కడ అటువంటి పార్కుల వ్యవస్థ ఎదగలేదు కనుక నేలను కూడా కొనుగోలుదారుడే కొనాలి. కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానం ప్రకటించింది గానీ, అది చక్రాల బండిని అద్దెకు తీసుకుని తిరిగే పర్యాటకుల కోసం ఉద్దేశించింది. కుటుంబం సొంతానికి కొని నిలుపుకునే ఇంటితో దానికి సంబంధం స్వల్పం. సొంత వ్యానునే ఇల్లుగా మార్చుకుందామనుకునేవారు కూడా ఒక సంగతి గమనించాలి. తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం నిషిద్ధమని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి మంచం, వంటగది అమర్చిన వ్యానుకు రవాణా శాఖ ఆమోదం ఉన్నదో లేదో చూడకుండా కొనడం అవివేకం. ఆ దారి వదిలేస్తే మిగిలేది పొలంలో దింపే పెట్టె ఇల్లే.

పెట్టె గుణగణాలు

సముద్ర రవాణాకు వాడే కంటైనరు 1956 ఏప్రిల్‌లో అమెరికాలో మాల్కం మెక్‌లీన్ అనే లారీ వ్యాపారి నడిపిన తొలి ఓడ ప్రయాణంతో ప్రపంచ వాణిజ్యంలోకి వచ్చింది. ఇప్పుడు ప్రామాణికమైన 20 అడుగుల కంటైనరు 6.06 మీటర్ల పొడవు, 2.44 మీటర్ల వెడల్పు, 2.59 మీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే బయటి కొలతతో 160 చదరపు అడుగులు. గోడలకు లోపలి పొర వేసిన తరువాత మనిషి వాడుకోగల వెడల్పు 7 అడుగుల దరిదాపులకు తగ్గుతుంది. 40 అడుగుల కంటైనరుకు పొడవు రెట్టింపవుతుందే గాని వెడల్పు మారదు. ఇంత ఇరుకైన చోటులో ఇంటిని అమర్చడం అసాధ్యమేమీ కాదు. కరీంనగర్ జిల్లా బొమ్మకల్‌కు చెందిన యువ ఇంజినీరు పేరాల మానసారెడ్డి 2021లో మురుగునీటి పనులకు వాడే పెద్ద కాంక్రీటు గొట్టాన్నే మంచం, వంటగట్టు, స్నానాలగది ఉన్న చిన్న ఇల్లుగా మలిచి చూపించారు. చిన్న చోటులో బతకవచ్చునన్నది ఆ ప్రయత్నంతో రుజువైంది. కానీ నలుగురు సభ్యుల కుటుంబం, పండుగకు వచ్చే బంధువులు అందులో ఇమడతారా అన్నది కొనేవారు తమ ఇంటి అలవాట్లను బట్టి తేల్చుకోవలసిన విషయం.

మార్కెట్‌లో కంటైనర్ ఇల్లు పేరుతో అమ్ముడయ్యేవి రెండు రకాలు. మొదటిది నిజంగా సరుకు మోసి పాతబడిన ఓడ కంటైనరును కోసి, కిటికీలు తలుపులు పెట్టి తయారుచేసినది. రెండవది ఉక్కు చట్రానికి రేకులు, పఫ్ ప్యానెళ్లు, అంటే రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలకలు బిగించి కొత్తగా కట్టినది. ఓడ కంటైనరు దృఢత్వమంతా నాలుగు మూలల స్తంభాలలోను, ముడతలు పడిన ఉక్కు గోడలలోను ఉంటుంది. వెడల్పాటి అద్దాల కిటికీ కోసం ఒక గోడను సగానికి పైగా కోసినప్పుడు ఆ బలం తగ్గుతుంది కనుక, కోసిన చోట ఉక్కు చట్రాన్ని అదనంగా వెల్డింగు చేయకపోతే కప్పు క్రమంగా కుంగుతుంది. దాని అడుగున ఉండే ప్లైవుడ్‌కు పురుగు పట్టకుండా రసాయనాలు పూసి ఉంటారు. సరుకుకు పనికొచ్చే ఆ నేలపై పిల్లలు పాకడం ఆరోగ్యకరం కాదు కనుక దాన్ని మార్చడమో, పూర్తిగా కప్పడమో అవసరం. కొత్తగా కట్టిన క్యాబిన్లలో ఈ సమస్య లేకపోయినా, రేకు మందం, చట్రం బలం తయారీదారుని బట్టి మారిపోతాయి. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

జహీరాబాదు ప్రాంతంలో ఈ ఇంటికి అసలు పరీక్ష ఎండాకాలమే. ఉక్కు వేడిని వేగంగా లోపలికి పంపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే చోట నీడలేని పొలం మధ్యలో నిలిపిన ఉక్కు పెట్టె మధ్యాహ్నానికి ఉండలేనంత వేడెక్కుతుంది. గోడలకు రాతి ఊలు లేదా నురుగు పలకల పొర, కప్పుపైన ఒకటి రెండు అడుగుల ఖాళీ వదిలి వేసిన రెండవ రేకు కప్పు, పడమటి వైపు వరండా, చెట్ల నీడ ఉన్నప్పుడే ఏసీ యంత్రం పని తేలికవుతుంది. చలికాలంలో ఇబ్బంది మరొక రకంగా వస్తుంది. కోహీరు పరిసరాల చలి రాత్రులలో లోపలి మనుషుల ఊపిరి తేమ చల్లని ఉక్కుపై నీటి చుక్కలై, పొరల వెనుక చేరి తుప్పుకు, బూజుకు కారణమవుతుంది. గాలి ఆడే ఏర్పాటు లేకుండా నెలల తరబడి తాళం వేసి ఉంచే సెలవు ఇళ్లలో ఈ నష్టం మరీ ఎక్కువ. ఇటువంటి పొరలు, రెండవ కప్పు ధరపట్టికలో తరచుగా అదనపు అంశాలుగా ఉంటాయి. వాటిని కలిపిన తరువాత వచ్చే మొత్తమే అసలు ధర.

కింది నేల స్వభావాన్ని కూడా చూడాలి. మొరం కలిసిన ఎర్ర నేల బరువును బాగా మోస్తుంది కనుక నాలుగు లేదా ఆరు కాంక్రీటు దిమ్మెలు చాలు. ఇదే ప్రాంతంలో కొన్నిచోట్ల ఉన్న నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగుళ్లిచ్చే నేల కనుక అక్కడ లోతైన పునాది లేకపోతే ఇల్లు ఒరుగుతుంది, తలుపులు పట్టేస్తాయి. ఈదురుగాలులకు కదలకుండా దిమ్మెలకు బోల్టులతో బిగించడం, పిడుగులు పడే కాలాన్ని దృష్టిలో ఉంచుకుని ఎర్తింగు చేయించడం ఉక్కు ఇంటికి ఐచ్ఛికాలు కావు.

ఇక తరలింపు సంగతి. 2.44 మీటర్ల వెడల్పున్న పెట్టె సాధారణ ట్రెయిలరుపై ఇముడుతుంది. విశాలంగా ఉండాలని 10, 12 అడుగుల వెడల్పుతో కట్టించుకున్న క్యాబిను రోడ్డుపై పరిమితిని మించిన సరుకు అవుతుంది కనుక ప్రత్యేక అనుమతి కావాలి. ఎత్తడానికి ఒక చోట, దింపడానికి మరొక చోట క్రేను కావాలి. జాతీయ రహదారి దిగిన తరువాత తండాల మధ్య సాగే సన్నని బాటలు, తక్కువ ఎత్తులో వేలాడే విద్యుత్తు తీగలు, పొలం గట్ల మలుపులు వస్తాయి. ఇల్లు రావడానికి ఒకసారి దారి దొరికిందంటే, ఐదేళ్ల తరువాత పక్క పొలాల వారు కంచెలు వేసుకున్నాక తిరిగి పోవడానికి కూడా దొరుకుతుందన్న నమ్మకం లేదు. వరండా, పునాది, బోరు గొట్టం, మురుగు గుంత అన్నీ అమర్చిన తరువాత వాటిని వదిలి పెట్టెను మాత్రమే తరలించేవారు అరుదు. అమెరికాలో మొబైల్ హోమ్ పేరుతో అమ్ముడైన లక్షలాది ఇళ్లు ఒకసారి దింపిన చోటి నుంచి మళ్లీ కదలకపోవడానికి కారణం కూడా ఇదే. తరలింపు ఖర్చును భరించలేక, స్థలం అద్దె పెరిగినా అక్కడే ఉండిపోయే కుటుంబాలు ఆ దేశంలో పెద్ద సామాజిక సమస్యగా మారాయి.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పుకోవాలి. మొగుడంపల్లి తండాలలోని లంబాడాల పూర్వీకులు ఎద్దుల మందలపై ధాన్యం, ఉప్పు మోస్తూ దక్కను అంతటా తిరిగిన బంజారాలు. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయిన తరువాతే వారు తండాలలో స్థిరపడ్డారు. ఈ జిల్లా పడమటి మండలాల తండాల నుంచి చెరకు కోతలకు పొరుగు రాష్ట్రాలకు పోయే కుటుంబాలు నేటికీ పొలాల పక్కన గుడారాలలో నెలలు గడుపుతున్నాయి. కదిలే ఇల్లు నగరవాసికి వారాంతపు సరదాగా తోచే ప్రాంతంలోనే అది మరికొందరికి బతుకుతెరువుగా ఉండటం, ఇక్కడ భూమి కొనేవారు తమ చుట్టూ ఉన్న పొరుగును అర్థం చేసుకోవడానికి తెలుసుకోదగిన విషయం.

నేల పత్రం

తండాలు, దళితవాడల చుట్టూ ఉన్న భూముల్లో గణనీయమైన భాగం ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డు భూమి. 1977 నాటి అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం అటువంటి భూమిని అమ్మడం, కొనడం చెల్లదు. కొన్నవారి నుంచి దాన్ని స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. తెల్లకాగితంపై రాసుకున్న ఒప్పందాలు, నోటరీ ముద్రలు దీనిని మార్చలేవు. పాత హైదరాబాదు రాజ్యంలో భాగమైన ప్రాంతం కావడం వల్ల ఇక్కడ మరొక చిక్కు కూడా ఎదురవుతుంది. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులుగా గుర్తింపు పొందినవారికి ఆ చట్టంలోని 38 ఈ సెక్షను యాజమాన్య హక్కు కల్పించింది కనుక, పట్టాదారు పేరు ఒకటి, చట్టరీత్యా హక్కు మరొకరిది అయిన సర్వే నంబర్లు ఉండవచ్చు. పాసుపుస్తకంలో పేరు చూసి సంతృప్తి పడకుండా, పాత పహాణీల నుంచి, అంటే ఏటేటా గ్రామంలో సాగు, యాజమాన్యం వివరాలు రాసిన రికార్డుల నుంచి పరిశీలించడం ఇందుకే. 2020లో వచ్చిన ధరణి పోర్టలు స్థానంలో 2025 ఏప్రిల్ 14న ప్రభుత్వం భూభారతిని ప్రవేశపెట్టింది. రికార్డులు చూడటం సులువైనంత మాత్రాన వాటి వెనుక ఉన్న వివాదాలు తీరిపోవు.

దీనికి తోడు విస్తీర్ణం ప్రశ్న. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. ఫార్మ్ ప్లాట్లు అని అమ్ముడయ్యే ముక్కలు చాలావరకు రెండు మూడు గుంటల నుంచి ఐదారు గుంటల దాకా ఉంటాయి. లేఅవుటు అనుమతి లేకుండా వ్యవసాయ భూమిని 20 గుంటల కంటే, అంటే సుమారు 2,000 చదరపు మీటర్ల కంటే చిన్న ముక్కలుగా చేసి అమ్మడానికి వీల్లేదని, అటువంటి ప్లాట్లు కొని మోసపోవద్దని హైదరాబాదులో ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణ చూసే హైడ్రా సంస్థ 2025లో ప్రజలను హెచ్చరించింది. ఈ నియమాన్ని తప్పించుకోవడానికి కొన్నిచోట్ల ఒకే 20 గుంటల ముక్కను నలుగురైదుగురి పేర విడదీయని వాటాగా రాసిస్తారు. విడదీయని వాటా అంటే కాగితంపై మొత్తంలో ఇంత భాగం అని ఉంటుందే గాని, హద్దులతో ఇది నాది అని చూపగల చోటు ఉండదు. ఉక్కు ఇల్లు దింపిన మూల ఎవరిదన్న వివాదం వస్తే మిగతా వాటాదారుల అంగీకారం లేకుండా తేలదు. మొక్కలు తామే నాటి పెంచుతామనీ, పదిహేనేళ్లలో శ్రీగంధం లేదా ఎర్రచందనం అమ్మకంతో కోట్లు వస్తాయనీ చెప్పే పథకాలను చూసినప్పుడు, 1990ల్లో దేశమంతటా సాగిన టేకు తోటల పథకాలు, వాటిలో మదుపరులు కోల్పోయిన సొమ్ము, ఆ అనుభవం తరువాత 1999లో సెబీ సామూహిక పెట్టుబడి పథకాలపై తెచ్చిన నిబంధనలు గుర్తుకు రావడం సహజం.

అనుమతుల సంగతి మొదట్లో పక్కన పెట్టిన మూడవ మాట. చక్రాలున్నాయనో, పునాది లేదనో ఒక నిర్మాణం చట్టం కంటికి ఇల్లు కాకుండా పోదు. పంచాయతీ చట్టాలలో భవనం అన్న పదానికి ఇచ్చిన నిర్వచనం ఇటుక, కర్ర, మట్టి, లోహం ఏదైనా సరే, దేనితో కట్టినా ఇల్లు, షెడ్డు, గుడిసె అన్నింటినీ కలుపుకునేంత విశాలమైనది. పొలంలోని పశువుల కొట్టానికి మినహాయింపు ఉన్నది గానీ, ఏసీ, పడకగది ఉన్న ఉక్కు ఇంటిని పశువుల కొట్టంగా చూపడం సాహసమే. వ్యవసాయ భూమిని నివాసానికి వాడాలంటే 2006 నాటి చట్టం కింద వ్యవసాయేతర వినియోగానికి మార్చుకోవాలి. వాడుకలో దీన్నే నాలా మార్పిడి అంటారు. ప్రభుత్వం నిర్ణయించిన భూమి విలువలో కొంత శాతాన్ని దీనికి రుసుముగా కట్టాలి. మార్పిడి జరిగిన భాగం వ్యవసాయ భూమిగా ఉండదు కనుక ఆ మేరకు రైతు భరోసా (పూర్వపు రైతుబంధు) వంటి సాగు సహాయాలు వర్తించవు. విద్యుత్తు విషయంలోనూ అదే నియమం: వ్యవసాయ పంపుసెట్టుకు ఇచ్చే ఉచిత కనెక్షను నుంచి ఇంటికి తీగ లాగడం అక్రమం, ఇంటికి వేరే గృహ కనెక్షను తీసుకోవాలి, స్తంభాలు దూరంగా ఉంటే ఆ ఖర్చు కొనుగోలుదారుడిపై పడుతుంది. బోరు వేయాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. అనుమతి దొరికినా నీరు దొరకడం భూగర్భ శిలలపై ఆధారపడిన వేరే విషయం. ఒక చలికాలంలో చూసి మురిసిన పొలాన్ని మే నెలలో మరొకసారి చూసి, పక్క రైతు బోరు ఎన్ని గంటలు నీరిస్తున్నదో అడిగి తెలుసుకోవడం కంటే మంచి పరిశోధన లేదు.

విదేశాలలో స్థిరపడిన తెలుగువారికి ఈ మొత్తం చర్చ మరొక అడ్డంకి దగ్గరే ఆగిపోవచ్చు. విదేశీ మారక చట్టం నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డుదారులు భారతదేశంలో ఇల్లు, వాణిజ్య స్థలం కొనవచ్చు గానీ, వ్యవసాయ భూమి, తోట, ఫార్మ్ హౌస్ కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. డల్లాస్‌లోనో లండన్‌లోనో జరిగే ప్రచార సభలలో జహీరాబాదు ఫార్మ్ ప్లాటుకు అడ్వాన్సు కట్టేవారు, తల్లిదండ్రుల పేర కొందామని సమాధానపడేవారు ఈ నిబంధనను, ఆ తరువాత వచ్చే వారసత్వ చిక్కులను కలిపి ఆలోచించాలి.

రాత్రికి ఎంత

నేల ప్రశ్న తేలి, విశ్రాంతి కోసమే ఇల్లు అనుకున్నప్పుడు మిగిలేది లెక్క. పెట్టె ఇంటికి 8 లక్షల రూపాయలు, రవాణా, దిమ్మెలు, విద్యుత్తు, నీటి ట్యాంకు, మురుగు గుంత, కంచె కోసం 4 లక్షలు అనుకుందాం. భూమి ధరను ఇందులో కలపలేదు. పదేళ్ల తరువాత దాన్ని 2 లక్షలకు అమ్మగలిగితే ఏటా లక్ష రూపాయల విలువ కరిగిపోతుంది. అదే 12 లక్షలను 7 శాతం వడ్డీకి బ్యాంకులో ఉంచితే వచ్చేది ఏడాదికి 84 వేలు. కాపలాదారుకు ఇచ్చేది, తుప్పు పట్టకుండా వేసే రంగులు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు కలిపి నెలకు 5 వేలనుకుంటే 60 వేలు. మొత్తం ఏడాదికి 2,44,000 రూపాయలు. నెలకు రెండు రాత్రుల చొప్పున ఏడాదికి 24 రాత్రులు గడిపే కుటుంబానికి ఒక్కో రాత్రి 10 వేల రూపాయలకు పైగా పడుతుంది. రాత్రికి 4 వేలు తీసుకునే మంచి బసతో ఇది సరితూగాలంటే ఏడాదిలో 61 రాత్రులు అక్కడ గడపాలి. పిల్లల పరీక్షలు, పెళ్లిళ్లు, ఎండాకాలపు నెలలు తీసివేస్తే ఉద్యోగస్తుల కుటుంబానికి 61 రాత్రులు దొరకడం కష్టం. విశ్రాంత జీవితంలో ఉండి, సొంత పొలంలో కూరగాయలో పండ్లతోటో పెంచాలనుకునే దంపతులకు మాత్రం అదే సంఖ్య చాలా తేలిక. వారికి ఈ ఇల్లు సెలవు విడిది కాదు, సగం నివాసం. వారు కొనడానికి బలమైన కారణం ఉన్నది.

ఖాళీగా ఉన్న రోజుల్లో ఇతరులకు అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకోవచ్చునని అమ్మేవారు చెప్తారు. అద్దె ఇల్లు నడపడమంటే ప్రతి అతిథి తరువాత శుభ్రం చేసేవారు, తాళాలు ఇచ్చేవారు, అర్ధరాత్రి నీళ్లు రాకపోతే ఫోనుకు బదులిచ్చేవారు కావాలి. అది మరొక ఉద్యోగం. నమ్మకమైన అద్దె ఇస్తామని కాగితంపై రాసే సంస్థల విషయంలో, ఆ అద్దె అతిథుల నుంచి వస్తున్నదా లేక తరువాతి కొనుగోలుదారుల డబ్బు నుంచి వస్తున్నదా అన్న ప్రశ్న వేసుకోవాలి. రుణం దొరికే తీరు కూడా కొంత చెప్తుంది. గృహ రుణానికి బ్యాంకులు చూసేది అనుమతి పొందిన భవనాన్ని, స్పష్టమైన పత్రమున్న స్థలాన్ని. లారీపై తీసుకుపోగల పెట్టె పూచీకత్తుగా వారిని తృప్తిపరచదు కనుక చాలామంది ఎక్కువ వడ్డీ ఉన్న వ్యక్తిగత రుణం వైపు వెళ్తారు. పైన వేసిన లెక్కలో 7 శాతం స్థానంలో 12 శాతం పెడితే ఏటి భారం మూడు లక్షలు దాటుతుంది.

కొనాలన్న నిర్ణయానికి వచ్చినవారికి ఉన్న దారులలో పెద్దగా ప్రచారం లేనిది ఒకటి ఉన్నది. ముందుగా ఆ ఊళ్లోనే ఏడాదిపాటు అద్దెకు దొరికిన గదిలోనో, బంధువుల ఇంట్లోనో వీలైనన్ని వారాంతాలు గడిపి, ఎన్నిసార్లు నిజంగా వెళ్లగలిగారో చూసుకోవడం ఆ దారికి మొదటి మెట్టు. అప్పటికీ ఆసక్తి తగ్గకపోతే, నేలను కొనకుండా నాలా మార్పిడి జరిగిన స్థలమున్న స్థానికుడి నుంచి లీజుకు తీసుకుని, పెట్టెను మాత్రమే సొంతంగా ఉంచుకోవచ్చు. బ్రిటను పద్ధతికి దగ్గరైన ఈ ఏర్పాటులో మాత్రమే ఇల్లు కదలగలగడానికి నిజమైన విలువ ఉన్నది. నేల యజమానికి ఏటా ఆదాయం, కొనుగోలుదారుడికి భూమి వివాదాల నుంచి దూరం. అయితే ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. ఆ స్థలంపై కౌలుదారీ చట్టం వల్ల వచ్చే చిక్కులేమైనా ఉన్నాయా అన్నది ముందే న్యాయవాదితో తేల్చుకోవాలి. పత్రంలో అద్దె ఏటా ఎంత పెరుగుతుంది, దారి ఎవరి పొలం మీదుగా పోతుంది, స్థలం చేతులు మారితే కొత్త యజమాని ఈ ఒప్పందానికి కట్టుబడి ఉంటాడా, గడువు తీరినప్పుడు పెట్టెను తీసుకుపోవడానికి ఎన్ని నెలల సమయం ఉంటుంది, ఆ క్రేను ఖర్చు ఎవరిది అన్న వివరాలను ఇల్లు దింపక ముందే రాయించుకోవాలి.